ఎన్ని పట్టినా తప్పులేని చేప: లయన్‌ఫిష్ లెక్కలు

ఫ్లోరిడాలో ఈటె పట్టుకుని సముద్రంలోకి దిగేవాళ్లు ముందు నిబంధనలు చదువుకోవాలి. అట్లాంటిక్ వైపు హాగ్‌ఫిష్ అనే రుచికరమైన చేప మనిషికి రోజుకు ఒక్కటే. అదీ 16 అంగుళాలకు తగ్గకూడదు, మే నుంచి అక్టోబరు వరకే పట్టాలి. గ్రూపర్లకు ఒక లెక్క, స్నాపర్లకు మరో లెక్క. ఇన్ని లెక్కల మధ్య ఒక చేపకు మాత్రం పరిమితి అన్నదే లేదు. ఎన్నయినా పట్టొచ్చు, ఎంత చిన్నదైనా పట్టొచ్చు, ఏడాది పొడవునా పట్టొచ్చు. చేతి ఈటెతోనో చేతి వలతోనో పట్టేట్టయితే సరదాకి వెళ్లేవాళ్లకు లైసెన్సు కూడా అక్కర్లేదు. అదే లయన్‌ఫిష్.

ఒంటి మీద ఎరుపు, తెలుపు చారలు, విసనకర్రలా విచ్చుకున్న రెక్కలు, వీపు మీద విషపు ముళ్లు. అక్వేరియంలో చూసి మురిసిపోయే చేప ఇది. దీన్ని కనపడ్డచోటల్లా పట్టి వండుకు తినమని ప్రభుత్వమే ఎందుకు చెబుతోంది? విషం ఉన్న చేపను తినడమేమిటి? ఒక మనిషి ఈటెతో నాలుగు చేపలు పొడిస్తే సముద్రానికి ఒరిగేదేమిటి? అడగాల్సిన ప్రశ్నలే. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పుట్టిల్లు సంగతి. లయన్‌ఫిష్ హిందూ మహాసముద్రానికి, పసిఫిక్‌కు చెందిన చేప. అట్లాంటిక్‌లో దీని ఊసే ఉండేది కాదు. 1985లో ఫ్లోరిడాలోని డేనియా బీచ్ దగ్గర ఒకటి దొరికింది. పెంచుకోలేక ఎవరో అక్వేరియం చేపల్ని సముద్రంలో వదిలేయడం వల్లే ఇది మొదలైందని శాస్త్రవేత్తల అభిప్రాయం. 1992లో ఆండ్రూ తుఫానుకు ఒక అక్వేరియం పగిలి చేపలు బయటపడ్డాయన్న కథ ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. కానీ తుఫానుకు ఏడేళ్ల ముందే చేప కనిపించింది కాబట్టి ఆ కథ నిలవదు. 2000 తర్వాత అమెరికా తూర్పు తీరం వెంట వ్యాపించింది. 2004కు బహామాస్‌లో తేలింది. తర్వాత కొద్ది ఏళ్లలోనే కరీబియన్ సముద్రమంతా, మెక్సికో సింధుశాఖ అంతా పాకింది. 2014లో బ్రెజిల్ తీరంలోనూ కనిపించింది. బయటి నుంచి వచ్చి స్థానిక జీవాల్ని తినేస్తూ పెరిగిపోయే ఇలాంటి వాటిని చొరబాటు జాతులు అంటారు.

మనకు మాత్రం ఇది పరాయి చేప కాదు. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో దొరికిన 200 చేపలకు బొమ్మలు వేయించి 1803లో పుస్తకం అచ్చువేయించాడు. జాలర్లు పిలిచే తెలుగు పేర్లనే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో లయన్‌ఫిష్ కుటుంబానికి చెందిన చేప పేరు ‘కోడిపుంగి’. తర్వాత డచ్చి శాస్త్రవేత్త బ్లీకర్ 1852లో ఆ మాటనే శాస్త్రీయ నామంలో వాడాడు. ఇప్పుడు ఆ జాతిని రస్సెల్ పేరు మీదే పిలుస్తున్నారు. మన సముద్రంలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో ఈ చేపలు పగడపు దిబ్బల్లో సహజంగా బతుకుతాయి. అందుకని ఈ వ్యాసంలో ‘పట్టండి’ అన్న మాట ఉన్నదంతా అట్లాంటిక్ వైపుకే. ఇక్కడ దాన్ని చంపితే దిబ్బకు ఏ మేలూ జరగదు. పైగా మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది.

ఇక్కడ అణిగిమణిగి ఉండే చేప అక్కడ ఎందుకంత చెలరేగిపోయింది? మొదటి కారణం సంతానం. ఒక ఆడ లయన్‌ఫిష్ వెచ్చటి నీళ్లలో మూడు నాలుగు రోజులకోసారి గుడ్లు పెడుతుంది. ఏడాదికి సుమారు 20 లక్షలు, రోజుకు సగటున 5,500. జిగురు ముద్దల్లా తేలే ఈ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు దాదాపు నెల రోజులు ప్రవాహాల్లో కొట్టుకుపోయి ఎక్కడో దూరంగా ఒక దిబ్బ మీద దిగుతాయి. లక్ష గుడ్లకు ఒక్కటే బతికిందనుకుందాం. అప్పటికీ ఒక తల్లికి ఏటా 20 పిల్లలు. ఏడాది తిరిగేసరికి అవీ గుడ్లు పెట్టడానికి సిద్ధం.

రెండో కారణం, అక్కడి చేపలకు దీని సంగతి తెలియకపోవడం. లయన్‌ఫిష్ వేటాడేటప్పుడు పరుగెత్తదు. రెక్కలు బార్లా చాచి చిన్న చేపల్ని మెల్లమెల్లగా ఒక మూలకు నెట్టి, నోరు తెరిచి ఒక్కసారిగా పీల్చేస్తుంది. దీన్ని ఎన్నడూ చూడని చిన్న చేపలు బెదరవు. పెద్ద చేపలేమో ఆ ముళ్లను చూసి దీని జోలికి రావు. బహామాస్‌లో పరిశోధకులు కళ్లారా చూశారు: ఒక లయన్‌ఫిష్ అరగంటలో 20 చిన్న చేపల్ని మింగింది.

ఇంతకీ ఎన్ని ఉన్నాయి? బహామాస్‌లోని న్యూ ప్రావిడెన్స్ ద్వీపం దగ్గర 2008లో లెక్కిస్తే హెక్టారుకు సగటున 393 తేలాయి. హెక్టారు అంటే సుమారు రెండున్నర ఎకరాలు. మన లెక్కలో చెప్పాలంటే, 120 గజాల ఇంటి స్థలమంత దిబ్బలో దాదాపు నాలుగు లయన్‌ఫిష్‌లు. నాలుగు వేట చేపలు అంత కాస్త చోటులో ఉంటే మిగిలిన వాటి గతి ఏమవుతుందో ఊహించవచ్చు.

ఊహతో పనిలేకుండా కొలిచి చూశారు కూడా. బహామాస్‌లో చిన్న చిన్న దిబ్బల్ని ఎంచుకుని కొన్నిటిలో లయన్‌ఫిష్‌ను వదిలారు, కొన్నిటిలో వదల్లేదు. అయిదు వారాల తర్వాత చూస్తే, లయన్‌ఫిష్ ఉన్నచోట కొత్తగా వచ్చి చేరే స్థానిక పిల్ల చేపలు 79 శాతం తగ్గాయి. వంద చేరాల్సిన చోట 21 మిగిలాయన్నమాట. న్యూ ప్రావిడెన్స్ దగ్గర 2008 నుంచి 2010 మధ్య, అంటే రెండేళ్లలో, లయన్‌ఫిష్ తినే 42 రకాల చేపల మొత్తం బరువు 65 శాతం పడిపోయింది. ఈ చిన్న చేపల్లో కొన్ని పగడాల మీద పెరిగే నాచును మేసి శుభ్రం చేస్తాయి. అవి పోతే నాచు కమ్మేసి పగడానికి ఊపిరాడదు.

ఇప్పుడు అసలు సందేహానికి వద్దాం. నాలుగు చేపలు పొడిస్తే ఏమవుతుంది? నిజాయితీగా చెప్పాలంటే, ఒక్కసారి వెళ్లి నాలుగు పొడిచి వస్తే ఏమీ కాదు. లయన్‌ఫిష్ సంతతి మొత్తం మీద తగ్గుముఖం పట్టాలంటే ఎదిగిన లయన్‌ఫిష్‌లలో నెలకు 27 శాతాన్ని తీసేస్తూ ఉండాలని 2011లో వచ్చిన ఒక లెక్క చెప్పింది. హెక్టారుకు 393 ఉన్న దిబ్బకు ఉజ్జాయింపుగా అన్వయిస్తే నెలకు 106, రోజుకు మూడున్నర. ఒక్క హెక్టారుకే అంత. మొత్తం కరీబియన్‌కు అంత పని చేసేంత మంది ఈటెగాళ్లు లేరు, ఉండబోరు.

పైగా ఈటెకు అందని లోతులున్నాయి. లయన్‌ఫిష్ 300 మీటర్ల లోతున కూడా బతుకుతుంది. వినోదానికి స్కూబా చేసేవాళ్ల పరిమితి 40 మీటర్లు. స్కూబా అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగడం. అందులో గాలి ఎంతసేపు వస్తుందో చూడండి. మామూలు సిలిండరులో దాదాపు 2,250 లీటర్ల గాలిని అదిమి నింపుతారు, అంటే ఇంటి మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండుంపావు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది గంటా యాభై నిమిషాలు వస్తుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డు కన్నా నాలుగింతలు. ఒక్కో శ్వాసకు నాలుగింతల గాలి ఖర్చవుతుంది. కాబట్టి అదే సిలిండరు 28 నిమిషాలే. పైకి రావడానికి కొంత మిగుల్చుకోవాలి కదా, చేతిలో ఉండేది ఇరవై నిమిషాలు. లోతున ఉన్న లయన్‌ఫిష్‌లు నిశ్చింతగా గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఆ పిల్లలు పైకి వస్తూనే ఉంటాయి. నిర్మూలన అన్న మాటను అందుకే మరిచిపోవాలి.

అయినా పట్టమని ఎందుకంటున్నారు? ఎందుకంటే ఒక దిబ్బను కాపాడటానికి సముద్రమంతా ఖాళీ చేయనక్కర్లేదు. బహామాస్‌లోనే 24 దిబ్బల మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఆ దిబ్బ భరించగలిగిన హద్దు కన్నా లయన్‌ఫిష్‌లను తగ్గించి ఉంచినచోట స్థానిక చేపల బరువు 50 నుంచి 70 శాతం పెరిగింది. కొన్ని లయన్‌ఫిష్‌లు మిగిలే ఉన్నాయి, అయినా దిబ్బ కోలుకుంది. తగ్గించని దిబ్బల్లో మాత్రం చిన్న చేపలు తరిగిపోతూనే వచ్చాయి. నా దృష్టిలో ఈ చేప గురించి తెలుసుకోవాల్సిన అంకెలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. మనిషి కంటికి, చేతికి అందే లోతులో ఉన్న దిబ్బను, అదే ఊరివాళ్లు, అదే పనిగా మళ్లీ మళ్లీ వెళ్లి శుభ్రం చేస్తే ఫలితం ఉంటుంది. రీఫ్ అనే సంస్థ 2009 నుంచి నడుపుతున్న లయన్‌ఫిష్ పోటీల ఉద్దేశం ఇదే. ఫ్లోరిడాలో ఏటా మే నెలలో, మదర్స్ డే తర్వాత వచ్చే వారాంతంలో, లయన్‌ఫిష్ దినం కూడా జరుపుతారు.

పెద్ద చేపలకు అలవాటు చేస్తే అవే తినేస్తాయి కదా అని కొందరు సొరచేపలకు, గ్రూపర్లకు పొడిచిన లయన్‌ఫిష్‌ను అందించి చూశారు. అది మంచి పని కాదు. వాటికి లయన్‌ఫిష్ రుచి తెలియడం సంగతి ఎలా ఉన్నా, ఈటె పట్టుకున్న మనిషి వస్తే తిండి వస్తుందని మాత్రం బాగా తెలిసిపోతుంది. తర్వాత దిగే అమాయకుడి చుట్టూ సొరచేపలు తిరుగుతాయి.

ఇక పట్టే పద్ధతి. లయన్‌ఫిష్ పారిపోదు. తన ముళ్ల మీద దానికంత నమ్మకం. మనిషి దగ్గరికి వచ్చినా ముళ్లు అతని వైపు తిప్పి అక్కడే నిలబడుతుంది. అందుకని దూరం నుంచి కొట్టే తుపాకీ లాంటి స్పియర్‌గన్ అక్కర్లేదు. మూడడుగుల లోపు కర్ర, ఒక చివర మూడు నుంచి అయిదు మొనలు, రెండో చివర రబ్బరు ఉచ్చు. రబ్బరును బొటనవేలి సందున తగిలించి, కర్ర పొడవునా సాగదీసి పట్టుకుంటారు. మొనను చేప తల వెనక్కు గురిపెట్టి, జానెడు దూరంలోకి వచ్చాక పట్టు వదులుతారు. గురి తప్పితే మొన పగడానికి తగులుతుంది. ఏడాదికి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు పెరిగే పగడాలు కూడా ఉన్నాయి. అరచేతి వెడల్పున విరిగిన ముక్క మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. వెనక పగడం ఉంటే ఆగాలి. చేప ఎటూ పోదు, పక్కకు జరిగేదాకా వేచి ఉండొచ్చు. పొడిచిన చేపను చేత్తో ముట్టుకోకూడదు. వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి వెంట ఉంటుంది. దాని మూతికి లోపలికి మాత్రమే వంగే ప్లాస్టిక్ రేకులుంటాయి. ఈటెను చేపతో సహా అందులోకి తోసి వెనక్కు లాగితే చేప లోపల ఉండిపోతుంది.

ఊపిరి బిగబట్టి దిగేవాళ్లు ఇంకో లెక్క తెలుసుకోవాలి. ఒడ్డున ఆరు లీటర్ల గాలి పట్టే ఊపిరితిత్తులు 10 మీటర్ల లోతున మూడు లీటర్లకు, 20 మీటర్ల లోతున రెండు లీటర్లకు కుంచించుకుపోతాయి. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్ రక్తంలోకి బాగా ఎక్కుతుంది కాబట్టి కింద ఉన్నంతసేపూ అంతా బాగున్నట్టే ఉంటుంది. పైకి వస్తుంటే ఒత్తిడి తగ్గి, మిగిలిన కాస్త ఆక్సిజన్ చాలక, చివరి పది మీటర్లలో ఒక్కసారిగా స్పృహ తప్పవచ్చు. దిగేముందు గబగబా ఎక్కువసార్లు ఊపిరి పీలిస్తే ఇంకాసేపు ఉండొచ్చని చాలామంది అనుకుంటారు. అది ప్రాణాంతకం. ఊపిరి తీసుకోవాలన్న తహతహను పుట్టించేది ఆక్సిజన్ లేకపోవడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. గబగబా పీల్చి వదిలితే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పోతుంది. ప్రమాదం వచ్చిందని చెప్పే గంట మోగదు. అందుకే ఒకరు దిగితే రెండోవారు పైన చూస్తూ ఉండాలన్నది అనుభవజ్ఞులు ఎన్నడూ తప్పని నియమం. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన దీనికి సరిపోదు. శిక్షణ లేకుండా వద్దు.

చట్టం కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బహామాస్‌లో స్పియర్‌గన్ నిషేధం. చేతి ఈటెలే వాడాలి, అవి కూడా స్కూబా సిలిండరు కట్టుకుని వాడకూడదు. కేమన్ దీవుల్లో ప్రభుత్వ అనుమతి పొందినవాళ్లే లయన్‌ఫిష్‌ను పొడవాలి. ఫ్లోరిడాలో కూడా రక్షిత ప్రాంతాల్లో ఈటె వేట మీద నిషేధాలున్నాయి. సెలవులకు వెళ్లేవాళ్లు ఒక చోట విన్న నియమాన్ని ఇంకో చోట నమ్ముకుంటే జరిమానా తప్పదు.

చేప ఒడ్డుకు చేరింది. ఇప్పుడు విషం సంగతి. లయన్‌ఫిష్‌కు విషపు ముళ్లు 18. వీపు మీద 13, పొట్ట కింది రెక్కలకు ఒక్కొక్కటి చొప్పున 2, తోకకు ముందు కింది రెక్కకు 3. విసనకర్రలాంటి పక్క రెక్కల్లో, తోకలో విషం లేదు. మాంసంలో అసలే లేదు. ముల్లుకు రెండు వైపులా ఉన్న సన్నటి గాడిలో విషపు గ్రంథి ఉంటుంది, పైన పలచటి తొడుగు ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నప్పుడు తొడుగు చిరిగి విషం గాయంలోకి వెళుతుంది. ప్రాణం పోవడం చాలా అరుదు, కానీ నొప్పి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది.

ఈ విషం ప్రొటీన్. గుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకట్టి మళ్లీ ద్రవంగా మారనట్టే, వేడి తగిలితే ఈ ప్రొటీన్ అల్లిక విడిపోయి విషంగా పనిచేయదు. ముల్లు గుచ్చుకున్నవాళ్లకు చేసే మొదటి చికిత్స దీన్నిబట్టే వచ్చింది. గాయంలో ముల్లు ముక్కలుంటే తీసేసి, 45 డిగ్రీల వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర వరకు ముంచి ఉంచాలి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చూసుకునేది గాయం లేని చేత్తో. నొప్పిలో ఉన్న చెయ్యికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. ఆయాసం వచ్చినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో సంగతి: చేప చచ్చినా ముల్లులో విషం చావదు. ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త అవసరమయ్యేది అందుకే.

వేడికి పోయే విషం ఇది. వేడికి పోని విషం ఇంకొకటుంది, దాన్ని దీనితో కలిపి గందరగోళపడకూడదు. దాని పేరు సిగువాటెరా. ఉష్ణమండల దిబ్బల్లో, ముఖ్యంగా చచ్చిన పగడాల మీద, కంటికి కనిపించని ఒక రకం నాచు పెరుగుతుంది. దాని విషాన్ని చిన్న చేపలు తింటాయి, వాటిని పెద్దవి తింటాయి. మెట్టు మెట్టుకూ విషం పోగవుతుంది. బారకూడా అనే వేట చేపలో, పెద్ద గ్రూపర్లలో ఎక్కువగా ఉండేది అందుకే. ఆ చేప తింటే వాంతులు, విరేచనాలు, పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కడం, చల్లటి నీళ్లు తాగితే కాలినట్టు అనిపించడం. ఉడికించినా, వేయించినా, గడ్డకట్టించినా ఈ విషం పోదు. రంగులో, వాసనలో, రుచిలో తేడా ఉండదు.

అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కరీబియన్ రకం సిగువాటెరాకు పెట్టిన హద్దు కిలో చేపకు 0.1 మైక్రోగ్రాము. అది ఎంతో తెలియాలంటే పది టన్నుల లారీలు వెయ్యి ఊహించుకోండి. ఆ వెయ్యి లారీల చేపలో మొత్తం కలిపి ఒక్క గ్రాము. యు.ఎస్. వర్జిన్ దీవుల్లో పట్టిన లయన్‌ఫిష్‌లను పరీక్షిస్తే 12 శాతం ఈ హద్దు దాటాయని 2014లో తేలింది. దాదాపు ఎనిమిదింటికి ఒకటి. కాబట్టి నియమం సులువు: ఆ ఊళ్లో బారకూడాను, పెద్ద గ్రూపర్‌ను జాలర్లు తినడం లేదంటే, అక్కడి లయన్‌ఫిష్‌నూ తినకండి. ఈ ఒక్క విషయంలో స్థానిక జాలరి మాటను మించిన పరీక్ష వంటింట్లో లేదు.

ఇంతా చేసి దొరికే మాంసమెంత? చర్మం తీసి, ముల్లు లేకుండా కోస్తే చేప బరువులో దాదాపు 30 శాతం. 400 గ్రాముల చేపకు 120 గ్రాములు. నలుగురున్న ఇంట్లో మనిషికి 150 గ్రాముల చొప్పున వడ్డించాలంటే 600 గ్రాములు కావాలి, అంటే అలాంటి చేపలు అయిదు. దుకాణాల్లో ఇది ఖరీదుగా ఉండటానికి సగం కారణం ఇదే. మిగతా సగం, దీన్ని వలేసి కుప్పలుగా పట్టలేకపోవడం. చాలావరకు ఒక్కో చేపనూ మనిషే దిగి పొడవాలి.

శుభ్రం చేయడం ఇలా. చేపను పట్టగానే మంచులో పెట్టి ఉంచాలి. మందపాటి గ్లవ్స్ వేసుకుని, గట్టి కత్తెరతో 18 ముళ్లూ మొదలంటా కత్తిరించాలి. వీపు మీదివి తోక వైపు నుంచి తల వైపుకు ఒక్కొక్కటిగా, తర్వాత తిరగేసి పొట్ట కిందివి. కత్తిరించిన ముళ్లను చెత్తబుట్టలో వేయకూడదు, చెత్త సంచీ ఎత్తేవాళ్ల చేతికి గుచ్చుకుంటాయి. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి పారేయాలి. ముళ్లు పోయాక ఇది మామూలు చేపే. పక్క రెక్క వెనక కత్తి దించి నడిముల్లు తగిలేదాకా కోసి, అక్కడి నుంచి కత్తిని పడుకోబెట్టి తోక దాకా లాగితే ఒక పక్క ముక్క ఊడి వస్తుంది. తోక దగ్గర చర్మాన్ని పట్టుకుని కత్తిని లోపలికి జార్చితే చర్మం ఒలిచినట్టు వచ్చేస్తుంది. చేతికి వచ్చే ముక్క తెల్లగా, దాదాపు అద్దంలా, వేలి మందంలో ఉంటుంది. నీచు వాసన తక్కువ.

తెలుగు వంటింటికి ఇది ఇబ్బంది లేని చేప. అపోలో ఫిష్‌కు కొరమేను వాడే చోట లయన్‌ఫిష్ ముక్క చక్కగా ఒదుగుతుంది. వేపుడుకైతే ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, కాస్త నిమ్మరసం పట్టించి పావుగంట చాలు. గంటలు నానబెడితే నిమ్మరసానికి ముక్క విరిగిపోతుంది. పైన పలచగా బియ్యప్పిండి చల్లి, బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు. ముక్క పలచన కాబట్టి వంజరం ముక్కను వేయించినంతసేపు వేయిస్తే పిప్పి అయిపోతుంది. లోపల 63 డిగ్రీల వేడి చేరితే చాలు. థర్మామీటరు లేకపోతే, ముక్క అద్దంలా ఉన్నది పాలలా తెల్లబడి, వేలితో నొక్కితే పొరలుగా విడితే ఉడికినట్టే.

పులుసుకు పద్ధతి మార్చాలి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కారం, ధనియాల పొడి, నిమ్మకాయంత చింతపండు రసం పోసి, నూనె పైకి తేలేదాకా ముందు పులుసునే మరగనివ్వాలి. మామూలుగా చేపతో పాటే పులుసు మరుగుతుంది. ఇక్కడ ముక్కలు ఆఖర్న వేసి, అయిదారు నిమిషాలు సన్న సెగ మీద ఉంచి దించేయాలి. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి. ముళ్లు తీసిన చేపను మొత్తంగానే పులుసులో వేసే ఓపిక ఉంటే ఇంకా మంచిది. ఎముకల సారం దిగి పులుసు చిక్కబడుతుంది, 70 శాతం పారేసే బాధా తప్పుతుంది.

కరీబియన్‌లో దీన్ని పిండిలో ముంచి వేయిస్తారు, నిమ్మరసంలో ఊరబెట్టి సెవిచే అనే పచ్చి వంటకంగానూ తింటారు. నిమ్మరసం ముక్కను తెల్లబరుస్తుంది కానీ పరాన్నజీవుల్ని చంపుతుందని నమ్మడానికి లేదు. పచ్చిగా తినదలిస్తే ముందు మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాలని ఎఫ్‌డీఏ సూచన. ఇంటి ఫ్రిజ్‌లో పై అర సాధారణంగా మైనస్ 18 దగ్గరే ఆగుతుంది. అంచేత మనకు వేపుడు, పులుసే మేలు.

ఫ్లోరిడాలో తెలుగువాళ్లు తక్కువేం లేరు. వాళ్లకు ఒక విన్నపం. నీళ్లలోకి దిగక్కర్లేదు, ఈటె పట్టక్కర్లేదు. 2016లో హోల్ ఫుడ్స్ అక్కడి దుకాణాల్లో లయన్‌ఫిష్ అమ్మడం మొదలుపెట్టింది, చిన్న చేపల దుకాణాలూ అప్పుడప్పుడూ తెస్తుంటాయి. ఈ వారం చేప కొనడానికి వెళ్లినప్పుడు లయన్‌ఫిష్ ఉందా అని అడగండి. లేదంటే వచ్చే వారం మళ్లీ అడగండి. అడిగేవాళ్లుంటేనే దుకాణం తెప్పిస్తుంది, దుకాణం కొంటేనే ఈటెగాడు ప్రతి వారం అదే దిబ్బకు దిగుతాడు.